పేజ్‌మేకర్ కోసం పాత డబ్బా అక్కర్లేదు: విండోస్ 11 లోపలే ఎక్స్‌పీ నడుపుకోండి

చిక్కడపల్లిలోనో విద్యానగర్‌లోనో ఏ డీటీపీ షాపులోకి తొంగిచూసినా ఒక మూల విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత సీపీయూ ఒకటి గురగురమంటూ కనిపిస్తుంది. పక్కన కొత్త సిస్టమ్ ఉన్నా దాన్ని పడేయరు, పడేయలేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 అందులోనే ఉంది, తెలుగు కొట్టే అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి, ఏళ్ళ తరబడి కొట్టిన శుభలేఖలూ బిల్‌బుక్కులూ అన్నీ పీఎండీ ఫైళ్ళుగా అందులోనే ఉన్నాయి. దాని ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఎప్పుడు పోతుందోనని రోజూ టెన్షన్.

నాదీ డీటీపీ షాపే. ఆ డబ్బాని తీసేశాను. ఎక్స్‌పీ మాత్రం ఇంకా ఉంది, కొత్త సిస్టమ్‌లో విండోస్ 11 లోపల. దాని పక్కనే ఒక లైనక్సు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా పెట్టుకున్నాను, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవుల కోసం. ఇది చూసి మా వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడుగుతున్నారు, అందుకే మొత్తం రాసి పెడుతున్నాను.

ఈ పని చేసేది వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్. ఉన్న కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే ఇంకో కంప్యూటర్ తయారుచేస్తుంది. దానికీ బయోస్, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్ ఉంటాయి, కాకపోతే అన్నీ ఉత్తుత్తివే. లోపల ఎక్కిన ఎక్స్‌పీకి ఆ సంగతి తెలీదు, నిజం మిషన్ మీదే ఉన్నాననుకుని పని చేసుకుపోతుంది. బయటి విండోస్‌ని హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ, ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌ని వీఎం అనీ అంటారు. ఇంటి ఓనరూ, పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళూ ఉన్నట్టే: తలుపులు వేరు, సంపు మాత్రం ఒకటే. ఇక్కడ ఆ సంపు మీ ర్యామ్.

రెండు విండోస్‌లూ విడివిడిగా ఎక్కించుకుని డ్యూయల్ బూట్ చేసుకోవచ్చుగా అంటారు కొందరు. ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఎక్స్‌పీ నేరుగా ఎక్కించడమే పెద్ద తంటా, డ్రైవర్లు దొరకవు. కష్టపడి ఎక్కించినా ఇటునుంచి అటు వెళ్ళాలంటే ప్రతిసారీ రీస్టార్ట్ కొట్టాలి. కస్టమరేమో "ముహూర్తం టైము తప్పు పడింది, మార్చండి" అని వాట్సాప్‌లో పెడతాడు. ఆ మెసేజ్ ఒక విండోస్‌లో, ఫైలు ఇంకో విండోస్‌లో ఉంటే మాఘమాసంలో షాపు నడవదు.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి

నేను వాడేది వర్చువల్‌బాక్స్. జర్మనీ కంపెనీ ఇన్నోటెక్ తయారుచేసింది, 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది, 2010లో సన్‌నే ఒరాకిల్ కొనేసింది. అసలు ప్రోగ్రాం ఓపెన్ సోర్స్, షాపులో వాడుకున్నా ఉచితమే. దానితో పాటు అదే పేజీలో ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఉచితం, వ్యాపారానికి కాదు. మనకి దాంతో పనిలేదు, ముట్టుకోకండి. ఒకప్పుడు యూఎస్‌బీ 2 కావాలంటే ఆ ప్యాక్ తప్పనిసరి. 2022లో వచ్చిన 7.0 నుంచి అది అసలు ప్రోగ్రాంలోనే కలిసిపోయింది.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి వ్యాపారాలకి సైతం ఉచితం చేశారు. మంచిదే. కానీ దాన్ని దించుకోవాలంటే దాని ఓనరు బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంటు తెరవాలి. ఇక విండోస్‌లోనే ఉండే హైపర్-వీ హోమ్ ఎడిషన్‌లో రాదు, ప్రోలోనే ఉంటుంది. పైగా యూఎస్‌బీ డాంగిల్‌ని (కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవడానికి తాళంచెవిలా గుచ్చే ముక్క) నేరుగా లోపలికి ఇవ్వడం దానికి చేతకాదు. డాంగిల్ ఉన్న షాపువాళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

సిస్టమ్ సరిపోతుందా

ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్ ఇస్తే పేజ్‌మేకర్ గుర్రంలా పరిగెత్తుతుంది. ఇబ్బందల్లా విండోస్ 11తోనే. 8 జీబీ ఉన్న సిస్టమ్‌లో క్రోమ్, వాట్సాప్, కోరెల్‌డ్రా తెరిచి పెట్టాక మిగిలేది కొంచెమే. ఎక్స్‌పీ ఒక్కటైతే 8తో లాగించొచ్చు, లైనక్సు కూడా కావాలంటే 16కి వెళ్ళండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్తే ర్యామ్ వేసిచ్చే షాపులు వరసగా ఉంటాయి. సిస్టమ్‌లో ఉన్న స్టిక్ ఊడదీసి వెంట పట్టుకెళ్ళండి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు, అక్కడ నిలబడి ఇంటికి ఫోన్ చేసి "లేబుల్ మీద ఏముందో చదువు" అనడం దండగ. హార్డ్ డిస్క్ ఇంకా పాత రకమే అయితే ర్యామ్‌తో పాటు ఎస్‌ఎస్‌డీ కూడా వేయించుకోండి. ప్రాసెసర్ మార్చడం కన్నా దీంతోనే ఎక్కువ తేడా తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా లేదా అని. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాంట్లో సీపీయూ. గ్రాఫు కింద వర్చువలైజేషన్ ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉంటే సరే. డిసేబుల్డ్ అంటే సిస్టమ్ రీస్టార్ట్ చేసి, లేస్తుండగానే కీ నొక్కి బయోస్‌లోకి వెళ్ళాలి. అసెంబుల్డ్ సిస్టమ్‌కి ఎక్కువగా డిలీట్ కీ, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. లోపల ఇంటెల్ బోర్డుల్లో "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అని, ఏఎండీ బోర్డుల్లో "ఎస్‌వీఎం మోడ్" అని ఉంటుంది. ఏఎండీవాళ్ళకి ఇదే చిక్కు, వర్చువలైజేషన్ అనే మాట కోసం బయోస్ అంతా వెతుకుతారు, దొరకదు. ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.

ఇన్‌స్టలేషన్

వర్చువల్‌బాక్స్ డాట్ ఆర్గ్‌లోంచే దించుకోండి, "విండోస్ హోస్ట్స్" అన్న లింకు. వేరే సైట్లలో దొరికేవాటితో ఏం అంటుకొస్తుందో చెప్పలేం. మొదలుపెట్టగానే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ లేదని ఆగిపోతే కంగారు పడకండి. అది మైక్రోసాఫ్ట్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ముందు దాన్ని వేసి మళ్ళీ రండి. మధ్యలో నెట్‌వర్క్ కాసేపు తెగుతుందని హెచ్చరిక వస్తుంది, నిజంగానే తెగుతుంది. ఎవరిదైనా ఆన్‌లైన్ ఫారం సగంలో ఉంటే అది పూర్తిచేశాకే ఇది మొదలుపెట్టండి.

ఇప్పుడు ఎక్స్‌పీ. ఒరిజినల్ సీడీ, కీ మీ దగ్గర ఉండాలి. పాత బ్రాండెడ్ సిస్టమ్‌తో కలిపి వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ సిస్టమ్‌కే చెల్లుతుంది, రిటైల్‌గా కొన్న సీడీ అయితే పేచీ లేదు. పేజ్‌మేకర్, అను సీడీలు కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. కొత్త సిస్టమ్‌కి సీడీ డ్రైవ్ లేకపోతే పాతదాంట్లోనే ఒక్కో సీడీని ఐఎస్‌ఓ ఫైలుగా చేసి తెచ్చుకోండి. వీఎంకి ఆ ఫైలే సీడీ.

వర్చువల్‌బాక్స్‌లో న్యూ నొక్కి పేరు, ఐఎస్‌ఓ, రకం ఇవ్వండి. రకం దగ్గర విండోస్ ఎక్స్‌పీ 32-బిట్ అని సరిగ్గా ఎంచుకోవాలి. అలా ఎంచుకుంటే హార్డ్ డిస్క్‌ని తనంతట తానే పాత రకం ఐడీఈ కంట్రోలర్‌కి తగిలిస్తుంది. ఎక్స్‌పీ సీడీలో ఆ తర్వాతి రకం సాటాకి డ్రైవర్ ఉండదు కాబట్టి ఐడీఈ మీదే ఉండాలి. ఎక్కించాక ఎవరైనా సరదాకి దాన్ని సాటాకి మార్చారో, 7బి అని చివర వచ్చే బ్లూ స్క్రీన్ దగ్గర ఆగిపోతుంది. వెనక్కి మార్చేస్తే మళ్ళీ లేస్తుంది.

ర్యామ్ 1 జీబీ, సీపీయూ ఒకటి, డిస్క్ 20 జీబీ చాలు. డిస్క్‌కి ముందే మొత్తం చోటు కేటాయించొద్దు. 20 అని రాసినా లోపల ఎంత నింపితే అంతే మీ ఎస్‌ఎస్‌డీలో పడుతుంది. ఒక్క సంగతి, పెరిగిన ఫైలు లోపల డిలీట్ చేసినంత మాత్రాన తగ్గదు.

"అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్" అన్న చోట వద్దని చెప్పండి. అదే అన్నీ నింపుకుంటూ పోతే ఏ పేరుతో, ఏ పాస్‌వర్డ్‌తో ఎక్కిందో తర్వాత వెతుక్కోవాలి. ఇప్పటికే అలా జరిగిపోయి లాగిన్ దగ్గర నిలబడ్డవాళ్ళకి: పేరు వీబాక్స్‌యూజర్, పాస్‌వర్డ్ ఛేంజ్‌మి, రెండూ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

స్టార్ట్ నొక్కాక ఆ నీలం తెర సెటప్పు చూస్తే పాత ఆపరేటర్లకి చెయ్యి దానంతటదే ఎఫ్8 మీదికి వెళ్తుంది. అది పూర్తయ్యేదాకా మౌస్ లోపలికి వెళ్తే బయటికి రాదు. కుడిపక్క కంట్రోల్ కీ ఒకసారి నొక్కితే వదులుతుంది. దాన్నే హోస్ట్ కీ అంటారు. కొన్ని లాప్‌టాపుల్లో కుడి కంట్రోల్ ఉండదు, అలాంటివాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద వేరే కీ పెట్టుకోవాలి.

ఎక్స్‌పీ వచ్చాక మొదటి పని గెస్ట్ అడిషన్స్. డివైసెస్ మెనూలో అట్టడుగున ఉంటుంది, సీడీ పెట్టినట్టు పెడితే ఎక్స్‌పీలో మామూలు ప్రోగ్రాంలాగా ఎక్కించుకోవడమే. రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ నిండుగా వస్తుంది, మౌస్ ఇటూ అటూ స్వేచ్ఛగా తిరుగుతుంది, షేర్డ్ ఫోల్డర్ పనిచేస్తుంది. హోస్ట్ కీతో ఎఫ్ నొక్కితే ఫుల్ స్క్రీన్. ఎల్ నొక్కితే ఎక్స్‌పీ డెస్క్‌టాప్ మాయమై పేజ్‌మేకర్ విండో, ఎక్స్‌పీ టాస్క్‌బార్ మాత్రం విండోస్ 11 మీద తేలుతాయి.

రెండో పని నెట్ తీసేయడం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్ళి "నాట్ అటాచ్డ్" పెట్టండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. 2017లో వాన్నక్రై వైరస్ దెబ్బకి ఒకసారి ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చారు కానీ దాన్ని నమ్ముకుని నెట్ ఇవ్వడం తెలివైన పని కాదు. పేజ్‌మేకర్‌కి నెట్‌తో పనేంటి అసలు?

డాంగిల్

ఛత్తా బజార్ నుంచి ఉర్దూ పని తెచ్చే ఒక భాయ్ ఉన్నాడు. "ఆపా, డబ్బా తీసేశావ్ సరే, నా ఇన్‌పేజ్ డాంగిల్ ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. డాంగిల్‌తో వచ్చే పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇదే పద్ధతి. వీఎం ఆపి ఉన్నప్పుడు సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ దగ్గర 2.0 కంట్రోలర్ ఎంచుకోండి, 3 వద్దు, ఎక్స్‌పీకి దాని డ్రైవర్ లేదు. డాంగిల్ గుచ్చి, పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, వచ్చే జాబితాలో దాని పేరు ఎంచుకుంటే ఫిల్టర్ తయారవుతుంది. అప్పట్నుంచీ ఆ వీఎం నడుస్తుండగా డాంగిల్ పెట్టినప్పుడల్లా నేరుగా ఎక్స్‌పీలోకే పోతుంది, విండోస్ 11కి కనిపించదు. లోపల డాంగిల్ డ్రైవర్ మాత్రం వేసుకోవాలి.

అక్షరాలు ఎందుకు పాడవుతాయి

చాలామంది ఇక్కడే చిరాకుపడి వదిలేస్తారు, కాస్త ఓపిగ్గా చదవండి. డివైసెస్ మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డుని బైడైరెక్షనల్ చేస్తే విండోస్ 11లో కాపీ చేసింది ఎక్స్‌పీలో పేస్టవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు కాపీ చేసి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. తప్పు వర్చువల్‌బాక్స్‌ది కాదు. వాట్సాప్ తెలుగు యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అంతటా ఒకటే నంబరు ఉండే పద్ధతి. 2001 నాటి పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ తెలీదు. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చుకున్నాయి, తలకట్టు ఒక చోట, ఒత్తు ఇంకో చోట. అందుకే అక్కడి మేటర్ ఇటు తెచ్చి నోట్‌ప్యాడ్‌లో వేస్తే పిచ్చి ఇంగ్లీషులా కనిపిస్తుంది.

కాబట్టి మధ్యలో కన్వర్టర్ ఉండాలి. యూనికోడ్ మేటర్‌ని విండోస్ 11లోనే అనులోకి మార్చి, ఆ పిచ్చి ఇంగ్లీషుని కాపీ చేసి, ఎక్స్‌పీలో పేస్ట్ చేసి, అను ఫాంటు పెట్టండి. మీరు వాడే అను వెర్షన్ ఏదో కన్వర్టర్‌లో కూడా అదే ఉండాలి. తర్వాత "జ్యేష్ఠ పుత్రిక", "చి.ల.సౌ.", "సుముహూర్తం" లాంటి మాటల్ని కళ్ళు పెట్టుకుని చూడండి. తేడా వస్తే ష్ఠ దగ్గరా, క్రారవడి దగ్గరా ముందు వస్తుంది. క్లిప్‌బోర్డులో ఏదైనా గుర్తు ఎగిరిపోతోందనిపిస్తే టెక్స్ట్ ఫైలుగా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేసుకోండి.

షేర్డ్ ఫోల్డర్ అంటే హోస్ట్‌లోని ఒక ఫోల్డర్‌ని ఎక్స్‌పీకి చూపించడం. ఆటో-మౌంట్ టిక్కు పెడితే లోపల ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఒక్క ఫోల్డరే ఇవ్వండి, డీ డ్రైవ్ మొత్తం ఇవ్వకండి. పీఎండీ ఫైలుని మాత్రం అక్కడినుంచే తెరిచి పని చేయొద్దు, ముందు ఎక్స్‌పీ డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని, అయిపోయాక తిరిగి పడేయండి.

ప్రింటర్‌ని ఎక్స్‌పీకి కలపాలని తంటాలు పడకండి. ఇప్పటి లేజర్ ప్రింటర్లకి ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకవు. పేజ్‌మేకర్ 7 సీడీలోనే అక్రోబాట్ డిస్టిలర్ ఉంటుంది, దాంతో పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే ట్రేసింగ్ పేపర్ ప్రింటైనా, కస్టమరుకి ప్రూఫైనా, ప్లేటుకి పంపడమైనా అంతా విండోస్ 11లోంచే.

పెన్‌డ్రైవులకి ఒక లైనక్సు

డీటీపీ షాపుకొచ్చే పెన్‌డ్రైవు నాలుగు షాపులు తిరిగొచ్చినదే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి, దేన్ని నొక్కినా వైరస్ మన సిస్టమ్‌లోకి. వాటికోసం నేను పెట్టుకున్న వీఎంకి హార్డ్ డిస్కే లేదు. లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఐఎస్‌ఓ దించుకుని, కొత్త వీఎం చేసేటప్పుడు హార్డ్ డిస్క్ వద్దన్నాను. 3 జీబీ ర్యామ్ ఇచ్చాను. స్టార్ట్ చేస్తే సీడీలోంచే మింట్ లేస్తుంది, ఆపేస్తే లోపల ఏం జరిగినా అన్నీ మాయం, మర్నాడు మళ్ళీ కొత్తగా లేస్తుంది.

దీనికి యూఎస్‌బీలో ఖాళీ ఫిల్టర్ పెట్టండి. అప్పుడు ఆ వీఎం నడుస్తుండగా కొత్తగా గుచ్చిన యూఎస్‌బీ ఏదైనా విండోస్‌కి కాకుండా దానికే వెళ్తుంది. డాంగిల్ పని ఉన్నప్పుడు మాత్రం ముందు ఈ మింట్‌ని ఆపేయండి, లేకపోతే డాంగిల్‌ని కూడా అదే లాక్కుంటుంది. విండోస్‌లో దాక్కున్న ఫోల్డర్లు లైనక్సులో దాక్కోలేవు. పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది, కస్టమర్ అసలు ఫైళ్ళు ఎక్కువగా అందులోనే ఉంటాయి. వాటిని బయటికి తీసి, షార్ట్‌కట్ ఫైళ్ళూ, కస్టమర్‌కి సంబంధం లేని ఈఎక్స్‌ఈ, వీబీఎస్ ఫైళ్ళూ తీసేసి, ఎజెక్ట్ చేసి అప్పుడు విండోస్‌కి ఇవ్వండి. వర్డ్ ఫైలు లోపల మాక్రో దాగి ఉంటే ఇలా చూస్తే కనపడదు, దానికి డిఫెండర్ స్కాన్ తప్పదు.

తాబేలు

వీఎం విండో అడుగున కుడిపక్క పచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? విండోస్ 11 తన సొంత హైపర్-వీని కింద నడుపుతోందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నెమ్మదిగా నడవాల్సి వస్తోందని అర్థం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా, డబ్ల్యూఎస్‌ఎల్ 2, శాండ్‌బాక్స్ లాంటి విండోస్ ఫీచర్లు ఆన్ చేసుకున్నా ఇది వస్తుంది. నెట్‌లో అందరూ మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయమంటారు. నేనైతే ఆపలేదు, అది విండోస్‌ని కాపాడే ఏర్పాటు. ఎక్స్‌పీ లాంటి తేలికపాటిదానికి తాబేలు ఉన్నా టైపింగ్‌లో తేడా పెద్దగా తెలీదు. కీ నొక్కాక అక్షరం ఆలస్యంగా పడుతుంటేనే దాని గురించి ఆలోచించండి.

మ్యాక్ ఉన్నవాళ్ళు కూడా అడిగారు. ఎం1, ఆ తర్వాతి చిప్పులు వేరే జాతి ప్రాసెసర్లు, ఎక్స్‌పీని వాటి మీద ఇలా నడపలేం. యూటీఎం అనే ఉచిత ప్రోగ్రాంతో ఎమ్యులేట్ చేయొచ్చు గానీ నెమ్మది. షాపు పనికి వద్దు.

స్నాప్‌షాటూ, బ్యాకప్పూ

అన్నీ సర్దుకున్నాక, ఫాంట్లు ఎక్కాక, డాంగిల్ పనిచేశాక ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. తర్వాత ఏ ఫాంటో వేసి ఎక్స్‌పీ మొరాయిస్తే ఆ స్థితికి వెనక్కి వెళ్ళొచ్చు. అయితే వెనక్కి వెళ్తే మధ్యలో లోపల సేవ్ చేసిన శుభలేఖలు కూడా పోతాయి. పని ఫైళ్ళు ఎప్పటికప్పుడు షేర్డ్ ఫోల్డర్‌లోకి రావాలన్నది అందుకే. రోజూ ఒకటి తీస్తూ పోకండి, ఒక్కోటి డిస్క్ తింటుంది. చోటు కోసమని ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి చేత్తో ఫైళ్ళు తీసేయకండి, ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. తీసేయాలంటే వర్చువల్‌బాక్స్ లోపలినుంచే తీయాలి.

స్నాప్‌షాట్ ఉండేది అదే ఎస్‌ఎస్‌డీలో. అది పోతే రెండూ పోతాయి. కాబట్టి వీఎంని షట్‌డౌన్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ నొక్కండి. ఓవీఏ అని ఒకే ఫైలు వస్తుంది, దాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టండి. ఎక్స్‌పోర్టులో స్నాప్‌షాట్లు రావు, ఇప్పుడున్న స్థితే వస్తుంది. కుదిరితే ఇంట్లో లాప్‌టాప్‌లోనో, తెలిసినవాళ్ళ సిస్టమ్‌లోనో వర్చువల్‌బాక్స్ వేసి ఆ ఓవీఏని ఇంపోర్ట్ చేసి, ఒక పాత పీఎండీ తెరిచి చూడండి. అక్కడ కూడా తెరుచుకుంటే అప్పుడు పాత డబ్బాని పాత సామానువాడికి ఇవ్వొచ్చు. ఇచ్చే ముందు దాని హార్డ్ డిస్క్ మాత్రం ఊడదీసి ఉంచుకోండి, కస్టమర్ల ఆధార్ స్కాన్లు అందులో ఎన్ని ఉన్నాయో మనకే తెలీదు.